గ్యారేజ్‌లో అమ్మానాన్నలకు గది: ముందు నేల సంగతి చూడండి

ప్రశ్న: డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. రెండంతస్తుల ఇల్లు, పడక గదులన్నీ పైనే. కింద చిన్న స్టడీ, ఒక హాఫ్ బాత్ (కమోడ్, సింకు మాత్రమే, షవర్ లేదు) ఉన్నాయి, అంతే. తెనాలి నుంచి అమ్మానాన్న వచ్చి ఆరు నెలలు మా దగ్గర ఉండాలని మా కోరిక. అమ్మకు మోకాళ్ల ఆపరేషన్ అయింది, మెట్లు ఎక్కలేదు. అందుకే మా రెండు కార్ల గ్యారేజ్‌ని బాత్రూంతో సహా గదిగా మార్చేద్దామనుకుంటున్నాం. తెలిసిన హ్యాండీమ్యాన్ ఒకాయన, "పర్మిట్ అక్కర్లేదు, బయటికి గ్యారేజ్ డోర్ అలాగే ఉంచి లోపల గోడ కట్టేద్దాం, హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) వాళ్లకి కూడా తెలీదు, మూడు వారాల్లో అయిపోతుంది" అంటున్నాడు. మావారికి ఈ మాట నచ్చింది. నాకు మాత్రం టెన్షన్‌గా ఉంది. ఇంకో సంగతి, మా రెండో స్టవ్ గ్యారేజ్‌లోనే ఉంది. వేపుళ్లు, చేపల పులుసు అన్నీ అక్కడే. దాన్నేం చేయాలి? వాళ్లను దసరాకి రప్పించాలని ఉంది, టికెట్లు ఇంకా తీసుకోలేదు. గ్యారేజ్ ఫొటోలు పంపుతున్నాను.

జవాబు: మీ టెన్షన్‌లో న్యాయం ఉందండీ. ఆయన చెప్పిన పద్ధతిలో మాత్రం చేయించకండి. పర్మిట్ సంగతి తర్వాత మాట్లాడదాం. ముందు ఆ గోడ గురించి చెప్తాను.

గ్యారేజ్ డోర్ వెనకాల గోడ కట్టేస్తే ఆ వైపు కిటికీ ఉండదు. ఫొటోల్లో పక్క గోడకూ కిటికీ లేదు. అంటే రేపు అమ్మానాన్న పడుకునే గదికి ఒకటే దారి, అది కూడా ఇంట్లోకే. రాత్రి వంటగదిలోనో యుటిలిటీ గదిలోనో మంటలు లేస్తే ఆ దారి పనికిరాదు. మన ఊళ్లలో ఎంత చిన్న ఇంటికైనా వీధి వాకిలి ఒకటి, పెరటి వాకిలి ఒకటి ఉంటాయి చూడండి. ఇక్కడి కోడ్, అంటే ఇళ్ల నిర్మాణ నిబంధనలు కూడా అదే అడుగుతాయి. పడక గది అన్నాక మనిషి బయటికి దూరిపోగలిగే కిటికీ గానీ, నేరుగా బయటికి తెరుచుకునే తలుపు గానీ ఉండాలి. కింది అంతస్తులో అయితే ఆ కిటికీ తెరిచినప్పుడు 5 చదరపు అడుగుల ఖాళీ రావాలి. వెడల్పు 20 అంగుళాలకు, ఎత్తు 24 అంగుళాలకు తగ్గకూడదు. కిటికీ అడుగు అంచు నేల నుంచి 44 అంగుళాలకు మించి ఎత్తులో ఉండకూడదు. కొందరు 20, 24 ఉంటే చాలనుకుని కొనేస్తారు. గుణించి చూడండి, అది మూడున్నర చదరపు అడుగులు కూడా రాదు.

అయినా మోకాళ్ల ఆపరేషన్ అయిన మనిషి 44 అంగుళాల ఎత్తు కిటికీ దూకుతుందా? అందుకే మీకు కిటికీ కన్నా తలుపు మేలంటాను. పక్క గోడకు పెరటి వైపు ఒక తలుపు పెట్టించండి. కోడ్‌కూ సరిపోతుంది, పొద్దున్నే మీ అమ్మగారు తులసి మొక్క దగ్గరికి వెళ్లడానికీ బాగుంటుంది. కాకపోతే ఆ గోడ పక్కింటి హద్దుకు ఎంత దూరంలో ఉందో ముందు కొలవాలి. 5 అడుగులు, ఆపైన ఉంటే పరవాలేదు. 3 అడుగుల లోపుంటే అటు కిటికీగానీ తలుపుగానీ పెట్టనివ్వరు.

ఫొటోలో మూలన పీట మీద వాటర్ హీటర్ కనిపిస్తోంది, పైకి గొట్టం కూడా ఉంది, అంటే గ్యాస్‌ది. దాన్ని పీట మీద ఎందుకు పెట్టారో తెలుసా? పెట్రోలు ఆవిరి గాలి కన్నా బరువు, నేల మీదే పాకుతుంది. అందుకే గ్యారేజ్‌లో మంట వచ్చే చోటు నేల నుంచి 18 అంగుళాల పైన ఉండాలంటారు. ఇప్పుడదే గది పడక గది అయితే ఇంకో ప్రమాదం. ఆ హీటర్ మండడానికి గదిలోని గాలినే తీసుకుంటుంది. పొగ గొట్టం సరిగ్గా లాగకపోతే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు గదిలోనే ఉండిపోతుంది. దానికి వాసన ఉండదు, నిద్రలో తెలియదు. కాబట్టి దాన్ని అలా వదిలేసి పక్కన మంచం వేయడం కుదరదు. గట్టి తలుపుతో విడి అర కట్టి, మండే గాలి బయటి నుంచే వచ్చేలా చేయాలి. లేదా హీటర్‌నే మార్చాలి. పర్మిట్ అడక్కుండా మూడు వారాల్లో ముగించే మనిషి ఈ పని ఎత్తుకోడు.

పర్మిట్ అనేది కాగితాల బాధ అని మావాళ్లు చాలామంది అనుకుంటారు. పదేళ్లుగా ఇక్కడ ఇళ్ల ఇన్‌స్పెక్షన్ పనిలో ఉన్నాను. నా అనుభవంలో దానివల్ల వచ్చే పెద్ద లాభం ఒక్కటే. గోడలకి డ్రైవాల్ (జిప్సం పలకలు) వేసి మూసేయకముందు సిటీ ఇన్‌స్పెక్టర్ వచ్చి లోపలి వైర్లు, పైపులు, కలప చూసి వెళ్తాడు. మీరూ నేనూ తర్వాత చూడలేనివన్నీ అప్పుడే కనిపిస్తాయి. డబ్బు వైపు చూసినా అంతే. టెక్సస్‌లో ఇల్లు అమ్మేటప్పుడు రాసిచ్చే డిస్‌క్లోజర్ కాగితంలో, పర్మిట్ లేకుండా చేసిన మార్పులు ఏవైనా ఉన్నాయా అని సూటిగా అడుగుతారు. ఉన్నాయని రాస్తే కొనేవాడు వెనకాడతాడు, లేవని రాస్తే మీకు మెడ మీద కత్తి. ఇంకోటి, గది పెరిగినట్టు నమోదైతే ప్రాపర్టీ ట్యాక్స్ విలువ కూడా పెరుగుతుంది. సొంత ఇంటికి ఏడాదికి 10 శాతానికి మించి పెంచకూడదనే పరిమితి ఉంది కదా, కొత్తగా కట్టిన భాగానికి అది వర్తించదు. మీవారికి ఇది కూడా ముందే చెప్పి ఉంచండి, తర్వాత ఆశ్చర్యపోకుండా.

శాన్ హోసేలో ఉండే చుట్టాలెవరైనా "మేం గ్యారేజ్ మార్చేశాం, పార్కింగ్ గురించి ఎవరూ అడగలేదు" అని చెప్తే ఆ మాట మీకు పనికిరాదు. కాలిఫోర్నియాలో 2020 నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం గ్యారేజ్‌ని విడి నివాసంగా మారిస్తే దాని బదులు పార్కింగ్ చూపించమని సిటీ అడగకూడదు. టెక్సస్‌లో అలాంటిది లేదు, ఏ ఊరి నిబంధన ఆ ఊరిదే. ఇంటికి కప్పు కింద రెండు కార్ల చోటు ఉండి తీరాలనే షరతు డాలస్ చుట్టుపక్కల ఊళ్లలో తరచుగా కనిపిస్తుంది. అందుకని డ్రాయింగ్ గీయించకముందే సిటీకి ఫోన్ చేసి ఒకే ప్రశ్న అడగండి: మా స్థలానికి కప్పు కింద ఎన్ని కార్ల పార్కింగ్ తప్పనిసరి? హెచ్‌ఓఏకి కూడా ఇదే ప్రశ్న, రాతపూర్వకంగా. మిగతాదంతా ఈ జవాబు మీదే ఆధారపడి ఉంది.

జవాబు రెండు అని వస్తే గ్యారేజ్ జోలికి పోకండి. స్టడీనే పడక గది చేసి, హాఫ్ బాత్ పక్కన మెట్ల కింద అర ఏదైనా ఉంటే దాన్ని కలుపుకుని షవర్ పెట్టించే దారి చూడండి. ఒకటి చాలు అంటే, నా సలహా గ్యారేజ్‌లో సగమే తీసుకోమని. వసంతంలో ఇక్కడ పడే వడగళ్లు మీకు తెలిసినవే, ఒక్క కారైనా లోపల ఉండాలి. గ్యారేజ్ వెడల్పు 20 అడుగుల్లో సగం తీసుకున్నా గోడ మందం పోను తొమ్మిదిన్నర అడుగుల వెడల్పు మిగులుతుంది. పొడవు 20 అడుగులు ఉంది కాబట్టి 13 అడుగులు గదికి, 6 అడుగులు బాత్రూంకి వస్తాయి. ఇద్దరు పెద్దవాళ్లకి అది ఇరుకు కాదు. అయితే 16 అడుగుల పెద్ద డోర్ తీసి ఒక కారు డోర్ పెట్టాలి, మధ్యలో స్తంభం వస్తుంది, పై దూలం లెక్క ఇంజనీరు చూడాలి. ఇంకో షరతు, కారు ఉండే సగంలోంచి పడక గదిలోకి తలుపు పెట్టకూడదు. ఇది కోడ్‌లో స్పష్టంగా ఉంది, కారణం పొగే. గది తలుపు ఇంట్లోకి తెరుచుకోవాలి. పొగ, కార్బన్ మోనాక్సైడ్ అలారాలు రెండూ పెట్టించండి.

ఇక నేల. మన దగ్గర స్లాబ్ అంటే నెత్తి మీద ఉండేది, ఇక్కడ కాళ్ల కింద ఉండేది. గ్యారేజ్ స్లాబ్‌ను మనుషులు పడుకోవడానికి పోయలేదు. ఇంటి నేల కన్నా నాలుగైదు అంగుళాలు కింద ఉంటుంది. కారు మీద నుంచి కారే నీళ్లు బయటికి పోవాలని డోర్ వైపుకి వాలుగా పోస్తారు. నమ్మకం లేకపోతే ఇంటి గోడ దగ్గర ఒక మగ్గు నీళ్లు పోసి చూడండి. సన్నటి పాయలా కదిలి డోర్ వైపుకి నడుస్తాయి. అడుగుకి ఎనిమిదో వంతు అంగుళం వాలు ఉన్నా 20 అడుగులకు రెండున్నర అంగుళాలు. దాని మీద మంచం వేస్తే కాళ్లు ఒకవైపు, తల ఒకవైపు.

వాలు కంటికి కనిపిస్తుంది, చెమ్మ కనిపించదు. ఇక్కడే నేను దెబ్బ తిన్నాను. 2014 చలికాలంలో, అప్పటికి నేను ఈ పనిలోకి రాలేదు, మా పాత ఇంట్లో గ్యారేజ్‌ని గది చేయించాను. పని చేసినాయన స్లాబ్ మీద పల్చటి స్పాంజ్ పరిచి దాని మీద లామినేట్ పలకలు వేసేశాడు. చూడ్డానికి ఎంత బాగుందో! ఏప్రిల్‌లో అమ్మ వచ్చింది. మే నెలలో వానలు మొదలయ్యాయి. ఆ 2015 మే టెక్సస్‌లో అప్పటిదాకా రికార్డుల్లో లేనంత వాన పడిన నెల. "గదిలో ముక్కిపోయిన వాసన వస్తోందిరా" అని అమ్మ రెండు వారాలు చెప్పింది. నేను అగరొత్తులు వెలిగించుకోమన్నాను. ఒకరోజు ఏదో చీర కోసం మంచం పక్కన ఉన్న సూట్‌కేసు జరిపింది. దాని కింద నేల మీద సరిగ్గా సూట్‌కేసు అంత నల్లటి మచ్చ. పలకల అంచులు అప్పడాల్లా లేచి ఉన్నాయి. సూట్‌కేసు అడుగున పెట్టిన పట్టుచీర మడతల్లో తెల్లటి బూజు. అది మా చెల్లి పెళ్లికి కట్టుకున్న చీర. అమ్మ ఏమీ అనలేదు, ఎండలో ఆరేసి దులుపుతూ కూర్చుంది. ఆ రోజు పలకలు పీకి చూస్తే స్పాంజ్ నిండా నీళ్లు.

కాబట్టి ఇది తప్పకుండా చేయండి. రెండడుగుల చదరంగా పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ ముక్క కోసి, స్లాబ్ మీద నాలుగు అంచులూ గాలి చొరకుండా టేప్ వేసి, రెండు రోజులు వదిలేయండి. తీసి చూస్తే కింద నీటి బొట్లున్నా, సిమెంటు రంగు ముదిరినా, కింది నుంచి చెమ్మ వస్తోందన్నమాట. డోర్ దగ్గర ఒకటి, మధ్యలో ఒకటి, ఇంటి గోడ దగ్గర ఒకటి వేయండి. ఒక్క చోట బాగుందని మొత్తం బాగుందనుకోకండి. వాన పడిన వారంలో మళ్లీ ఒకసారి చేయండి.

చెమ్మ ఉన్నా లేకపోయినా మీకు నేను చెప్పే పద్ధతి ఒకటే, నేల ఎత్తించండి. స్లాబ్ మీద చెమ్మ ఆపే పొర, దాని మీద మందు పట్టించిన కలప దుంగలు, మధ్యలో గట్టి ఫోమ్, పైన ముప్పావు అంగుళం ప్లైవుడ్. వాలుకి తగ్గట్టు దుంగలను ఒకవైపు సన్నగా, ఒకవైపు లావుగా కోస్తారు. అలా ఎత్తిస్తే నేల సమం అవుతుంది, అంతకన్నా ముఖ్యంగా ఇంటి నేలతో కలిసిపోతుంది. మధ్యలో మెట్టు ఉండదు, గడప కూడా ఉండదు. రాత్రి రెండింటికి మంచినీళ్లకని లేచిన మనిషి నిద్రకళ్లతో ఆ నాలుగంగుళాల మెట్టు చూసుకోదు. పైకప్పు ఎత్తు నేల ఎత్తించాక కూడా 7 అడుగులకు తగ్గకూడదు, మామూలుగా గ్యారేజ్‌లలో ఆ ఇబ్బంది రాదు. డోర్ తీసేసిన చోట కొత్త గోడను స్లాబ్ మీద నేరుగా నిలబెట్టనివ్వకండి. అక్కడ స్లాబ్, డ్రైవ్‌వే ఒకే మట్టంలో ఉంటాయి, వాన నీళ్లు గోడ కిందికి వచ్చేస్తాయి. ముందు కాంక్రీటు గట్టు పోసి, దాని మీద గోడ లేపాలి.

బాత్రూం దగ్గరే పని ఖరీదు తేలుతుంది. కమోడ్, షవర్ నీళ్లు పోవాలంటే స్లాబ్ కోయాలి. గ్యారేజ్‌లో డోర్ దగ్గరో గోడ మీదో "పోస్ట్ టెన్షన్ స్లాబ్, కోయకూడదు" అని ముద్ర గానీ రేకు గానీ ఉందేమో వెతకండి. ఇక్కడి బంకమట్టి ఎండకి కుంచించుకుపోయి, వానకి ఉబ్బుతుంది. అందుకని ఈ ప్రాంతంలో చాలా ఇళ్ల పునాదుల్లో ఉక్కు తీగలు వేసి, ఒక్కోదాన్ని సుమారు 30 వేల పౌండ్ల బలంతో లాగి బిగిస్తారు. రంపం ఒక తీగకి తగిలితే అది కాంక్రీటు చీల్చుకుని బయటికి తన్నుకొస్తుంది, పక్కనున్న మనిషి ప్రాణం పోవచ్చు. స్లాబ్‌ను రాడార్‌తో స్కాన్ చేసి, తీగలెక్కడున్నాయో గీతలు గీశాకే కోయాలి. మీ హ్యాండీమ్యాన్‌ని ఈ ఒక్క మాట అడగండి, "స్కాన్ ఎవరితో చేయిస్తావు?" అని. ఆయన ముఖం చూస్తే మీకే తెలుస్తుంది. కోత తగ్గాలంటే కొత్త బాత్రూంను ఇప్పటి హాఫ్ బాత్ గోడకి అవతలివైపే పెట్టించండి, డ్రెయిన్ దగ్గరవుతుంది.

ఇక్కడి కాంట్రాక్టర్లకు తెలియని సంగతి ఇంకొకటుంది, అది మనమే చెప్పాలి. అమెరికా బాత్రూంలో నేల పొడిగా ఉండాల్సిన నేల. మధ్యలో నీళ్లు పోయే జాలీ ఉండదు. మన పెద్దవాళ్లు స్టూలు మీద కూర్చుని బకెట్టూ మగ్గూ పెట్టుకుని పోసుకుంటారు, కమోడ్ దగ్గర కూడా నీళ్లు వాడతారు. ఆ నీళ్లు అంచుల్లోంచి దిగి, ఎత్తించిన కలప నేలని కుళ్లబెడతాయి. షవర్‌నే 5 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు ఉండేలా, అంచు గట్టు లేకుండా చేయించండి. స్టూలు, బకెట్ రెండూ అందులోనే పట్టాలి. బకెట్ నిండేలా నేలకి రెండడుగుల ఎత్తులో ఒక కుళాయి, కూర్చుంటే చేతికి అందేచోట హ్యాండ్ షవర్. బాత్రూం మొత్తానికి టైల్స్ కింద నీళ్లు దిగని పొర వేయించండి. కమోడ్ పక్కన చిన్న స్ప్రే. పట్టుకుని లేవడానికి కడ్డీలు కావాలి, అవి ఉత్త డ్రైవాల్‌కి నిలవవు. గోడ మూయకముందే ఆ ఎత్తులో లోపల అడ్డ చెక్కలు బిగించమని చెప్పండి. తలుపు 36 అంగుళాలు పెట్టించండి.

వేడి గురించి తక్కువలో చెప్తాను. గ్యారేజ్ గోడల్లో ఇన్సులేషన్ ఉందో లేదో ఒకచోట తెరిచి చూడాల్సిందే, పైన అటక వైపు కూడా. ఇంటి ఏసీ నుంచి ఒక డక్ట్ లాగేస్తే సరిపోతుందనే మాట వినకండి, ఆ ఏసీని గ్యారేజ్ లెక్కలో కొనలేదు. విడిగా ఒక మినీ స్ప్లిట్ (ఆ గదికి మాత్రమే పనిచేసే గోడ ఏసీ) పెట్టించండి, చలికాలం వేడి కూడా ఇస్తుంది. 2021 ఫిబ్రవరి గడ్డకట్టిన వారం గుర్తుంది కదా, కాబట్టి నీళ్ల పైపులు బయటి గోడలో పోనివ్వకండి, లోపలి గోడలోనే నడపాలి. నాన్నగారికి ఫ్యాన్ లేకపోతే నిద్ర పట్టదేమో అడగండి. పడుతుందన్నా సరే, పైన ఫ్యాన్ బరువు మోసే బాక్స్ ఇప్పుడే పెట్టించండి.

స్టవ్ గ్యారేజ్‌లోంచి తీసేయండి, గది చేసినా చేయకపోయినా. పెట్రోలు క్యాన్, కారు, నూనె మూకుడు ఒకే చోట ఉండటం నాకు ఎప్పుడూ భయమే. గ్యాస్ సిలిండర్‌తో నడిచేదైతే ఈ రోజే తీసేయండి. వెనక పెరట్లో కప్పు ఉన్న పేషియో (అరుగు) ఉంటే అక్కడ పెట్టుకోండి, గోడకి కాస్త దూరంగా. లేదంటే వంటింట్లోనే పొగని నిజంగా బయటికి పంపే చిమ్నీ పెట్టించండి. చాలా ఇళ్లలో స్టవ్ పైనున్న మైక్రోవేవ్ ఫ్యాన్ పొగని తీసుకుని మళ్లీ మన ముఖం మీదికే వదులుతుంది. పోపు పెట్టినప్పుడు దాని పైఅంచు దగ్గర చెయ్యి పెట్టి చూడండి, గాలి తగిలితే మీదీ అంతే.

ఇక దసరా. డ్రాయింగ్, సిటీ అనుమతి, స్లాబ్ స్కాన్, ఇన్‌స్పెక్షన్లు అన్నీ కలిపితే అప్పటికి కాదు, తొందరపెడితే ఏదో ఒకటి వదిలేస్తారు. టికెట్లు తీసుకోలేదన్నారు కాబట్టి ఉగాదికి మార్చుకోండి. విజిటర్ వీసా మీద మామూలుగా ఇచ్చే ఆరు నెలలూ అప్పుడు మంచి వాతావరణంలో మొదలవుతాయి, మొదటి వసంతం వానల్లోనే నేల ఎలా ఉందో కూడా మీకు తెలిసిపోతుంది. దసరాకే రావాలని వాళ్లు పట్టుబడితే స్టడీలో మంచం వేయండి. అమ్మగారి స్నానానికి రోజుకి ఒక్కసారి, మీరు పక్కన పట్టుకుని పైకి తీసుకెళ్లాలి. అది కష్టమే. అయితే అప్పుడు ఇంట్లో దుమ్ము, రంపం మోత లేకుండా చూడండి, అమ్మానాన్న తిరిగి వెళ్లాకే పని మొదలుపెట్టండి.

ఈ శనివారం మగ్గు నీళ్లు పోయండి, మూడు చోట్ల ప్లాస్టిక్ అంటించండి, పక్క గోడ నుంచి హద్దుకి టేప్ పెట్టి కొలవండి. సోమవారం సిటీకి ఫోన్ చేయండి. వచ్చిన జవాబు, ప్లాస్టిక్ కింద ఏం కనిపించిందో ఫొటో, హాఫ్ బాత్ గోడ ఎటువైపుందో కాగితం మీద ఒక గీత గీసి నాకు పంపండి. బాత్రూం ఏ మూలన రావాలో చూసి చెప్తాను.